శ్రద్ధకు పరీక్ష

హైదరాబాదు నగరానికి నైరుతి దిక్కున, శంషాబాదుకు పోయే మార్గానికి కొంత ఎడంగా హిమాయత్ సాగర్ జలాశయం ఉన్నది. 1908 సెప్టెంబరులో మూసీ నది పొంగి నగరాన్ని ముంచివేసినది. అట్టి విపత్తు మరల రాకుండుటకు మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారి సలహాను అనుసరించి రెండు జలాశయాలు కట్టినారు. మొదటిదైన ఉస్మాన్ సాగర్ 1920లోను, రెండవదైన హిమాయత్ సాగర్ 1927లోను పూర్తియైనవి. రెండవదానికి ఏడవ నిజాము జ్యేష్ఠపుత్రుని పేరు పెట్టినారు. జలాశయం పేరు రాజకుమారునిదే గాని, అందులోని నీరు ఈసా నదిది. ఉస్మాన్ సాగర్‌లోనిది మూసీ నీరు.

ఈ పేర్లు ఆలోచింపదగినవి. క్రైస్తవులు మోషే అని పిలిచే ప్రవక్తకు ఖురానులోని పేరు మూసా. యేసుకు అందులోని పేరు ఈసా. మూసీకి ముచికుంద అనే పౌరాణిక నామం కూడ ఉన్నది. ఈ రెండు నదులు దిగువను లంగర్ హౌస్ వద్ద కలిసినచోట 1948లో గాంధీమహాత్ముని చితాభస్మాన్ని నిమజ్జనం చేసినారు. ఆ స్థలమే నేటి బాపూ ఘాట్. పురాణం, ఖురాను, బైబిలు, వీని పేర్లన్నీ ఒక్క నీటిలో కలిసి పారుచున్నవి. కాని పేర్లు కలిసినంత సులువుగా మనస్సులు కలియవు. మనస్సులు కలియుటకు ఒకరి గ్రంథాన్ని మరియొకరు చదువవలె. అట్లు చదివినవాని మనస్సు ఏమగునో, ఆ చదువు వాని స్వవిశ్వాసాన్ని బలపరచునో సడలించునో, అది చిన్న ప్రశ్న కాదు.

ఈ ప్రశ్నకు ఈ ప్రాంతంతో సంబంధం ఉన్నది. హిమాయత్ సాగర్ నుండి నగరంవైపు వచ్చే దారిలో శివరాంపల్లి ఉన్నది. 1951 ఏప్రిల్‌లో అక్కడ జరిగిన సర్వోదయ సమ్మేళనానికి వినోబా భావే పౌనార్ నుండి కాలినడకన వచ్చినారు. సమ్మేళనం ముగిసిన పిమ్మట పోచంపల్లిలో భూదానం ఆరంభమైన సంగతి అందరికీ తెలిసినదే. ఆ వినోబాయే తరువాతి కాలంలో ఖురాను సారాన్ని ఒక గ్రంథంగాను, క్రైస్తవ ధర్మసారాన్ని వేరొక గ్రంథంగాను కూర్చినారు. ఆ శివరాంపల్లిలోనే నేడు హెన్రీ మార్టిన్ సంస్థ ఉన్నది. క్రైస్తవ మతశాస్త్రం చదివే విద్యార్థులు ఇస్లాం మతాన్ని గూర్చి తెలిసికొనుటకు అక్కడికి వత్తురు. మతాన్ని ఒక పాఠ్యవిషయంగా పెట్టుకొని, నోటుపుస్తకం చేతబట్టి, పరీక్ష వ్రాసే యువకుని హృదయంలో జరిగే సంఘర్షణను అర్థం చేసికొనుటకు ముందుగా మన భాషలోని ఒక మాటను పరిశీలించుట మంచిది.

రెండర్థాల మాట

తెలుగు ఉపాధ్యాయుడు తరగతిలో దినమునకు పదిసార్లు పలికే మాట "శ్రద్ధ". "శ్రద్ధగా వినండి" అంటాడు. ఇక్కడ శ్రద్ధ అనగా ఏకాగ్రత, మనస్సు పెట్టుట. ఉపనిషత్తులలోను, భగవద్గీతలోను శ్రద్ధ అనగా విశ్వాసం, ఆస్తిక్యబుద్ధి. ఒకే మాటకు ఈ రెండర్థాలు కలుగుట యాదృచ్ఛికం కాదు. దేనిని మనం విలువైనదని నమ్ముదుమో దానిపైననే మనస్సు నిలుపుదుము.

కఠోపనిషత్తులోని నచికేతుని కథ ఇందుకు నిదర్శనం. తండ్రి యజ్ఞంలో ముసలిఆవులను దానమిచ్చుచుండగా బాలుడైన నచికేతునిలో శ్రద్ధ ప్రవేశించినదని ఉపనిషత్తు చెప్పుచున్నది. శ్రద్ధ ప్రవేశించిన వెంటనే ఆ బాలుడు చేతులు జోడించి మిన్నకుండలేదు, ప్రశ్న వేసినాడు. తన్నెవరికి ఇచ్చెదవని తండ్రిని అడిగినాడు. తరువాత యముని వాకిట మూడు రాత్రులు ఉపవసించి, మృత్యువునే ప్రశ్నించినాడు. భగవద్గీత నాల్గవ అధ్యాయం కూడ జ్ఞానార్జనకు ప్రణిపాతంతో పాటు పరిప్రశ్నను విధించినది. కావున ప్రశ్న శ్రద్ధకు శత్రువు అనుట మన సంప్రదాయానికి సమ్మతం కాదు.

అయినను ప్రశ్న నొప్పి కలిగించును. క్రైస్తవ కుటుంబంలో పుట్టి, తల్లి ఒడిలో బైబిలు కథలు విని, ఆదివారపు బడిలో వాక్యాలు కంఠస్థం చేసి, పట్టణంలోని మతశాస్త్ర కళాశాలలో చేరిన విద్యార్థిని ఊహించుకొనవచ్చును. మొదటి అయిదు కాండలను మోషే వ్రాసినాడని వాడు విన్నాడు. కాని ద్వితీయోపదేశకాండం చివరి అధ్యాయంలో మోషే మరణమే వర్ణింపబడినది. తన మరణాన్ని తాను ఎట్లు వ్రాసెనని అధ్యాపకుడు అడుగుతాడు. ఆ కాండలలో వేర్వేరు కాలాల రచనలు కలిసియున్నవని ఆధునిక పండితులలో అధికసంఖ్యాకులు తలంతురని పాఠం చెబుతాడు. మత్తయి చెప్పిన యేసు వంశావళి, లూకా చెప్పిన వంశావళి పూర్తిగా ఒకటి కావు. నాలుగు సువార్తలలో మార్కు రచన మొదటిదనియు, మత్తయి, లూకా దానిని ఉపయోగించుకొనినారనియు పెక్కుమంది విద్వాంసుల మతం. ఇంటివద్ద ఆ గ్రంథం తనతో మాట్లాడినది. తరగతిలో అదే గ్రంథం బల్లమీద పెట్టి పరీక్షించుటకు ఏర్పడిన వస్తువైనది. ఆ రాత్రి ప్రార్థనకు మోకరిల్లినప్పుడు వాని మనస్సు కలవరపడినచో ఆశ్చర్యమేమున్నది?

తెలుగు సాహిత్య విద్యార్థికి ఇట్టి కలవరం కొత్త కాదు. తాళపత్ర ప్రతులలో పాఠాంతరాలు చూచినవానికి, ఒక పద్యం కవి వ్రాసినదో, లేఖకుడు చేర్చినదో అని తర్కించినవానికి ఈ అనుభవం తెలిసియే యుండును. పుణెలోని భండార్కర్ సంస్థ 1919లో మహాభారత సంశోధిత ముద్రణకు పూనుకొని, దేశం నలుమూలల ప్రతులను సరిచూచి, 1966 నాటికి ఆ మహాకార్యాన్ని పూర్తిచేసినది. మూలంలో లేవని తేలిన ఘట్టాలు అనేకం అడుగున సూచికలలో చేరినవి. అంతమాత్రాన భారతాన్ని ప్రేమించుట ఎవరూ మానలేదు. గ్రంథం ఎట్లు ఏర్పడినదన్నది ఒక ప్రశ్న, గ్రంథం ఏమి చెప్పుచున్నదన్నది వేరొక ప్రశ్న. ఈ రెంటిని వేరుచేసి చూచుట నేర్చిననాడు విద్యార్థి సగం గట్టెక్కినట్లే.

తిరుపతి నుండి మద్రాసు వరకు

ఇది తన మతాన్ని తాను చదివినవాని కథ. ఇతర మతాన్ని, అందును తన మతాన్ని విమర్శించే పాఠాన్ని, విధిగా వినవలసివచ్చిన విద్యార్థి మాటేమి? ఇందుకు తెలుగువారిలో అత్యంత ప్రసిద్ధమైన ఉదాహరణ సర్వేపల్లి రాధాకృష్ణన్‌గారు.

1888 సెప్టెంబరు 5వ తేదీన తిరుత్తణిలో తెలుగు కుటుంబంలో ఆయన జన్మించినారు. 1896లో తిరుపతిలోని లూథరన్ మిషన్ పాఠశాలలో చేరినారు. 1900 నుండి 1904 వరకు వేలూరులోని వూర్హీస్ కళాశాలలోను, అటుపిమ్మట 1908 వరకు మద్రాసు క్రైస్తవ కళాశాలలోను చదివినారు. ఎనిమిదేండ్ల బాలుడు ఇరువదియేండ్ల యువకుడగువరకు, పండ్రెండు సంవత్సరాలు, క్రైస్తవ విద్యాలయాలలోనే గడిచినవి. ఆ విద్యాలయాలలో బైబిలు తరగతి దినచర్యలో భాగం. తిరుపతి కొండక్రింద, వేంకటేశ్వరుని గంటలు వినిపించే ఊరిలో, ఆ బాలుడు ఉదయం సువార్త పాఠం విని సాయంకాలం తన యింటి పూజకు పోయినాడు.

తత్త్వశాస్త్రం ఆయన కోరి ఎన్నుకొన్న విషయం కాదు. బంధువొకరు ఆ చదువు ముగించి తన పాఠ్యపుస్తకాలను ఆయనకు ఇచ్చినారు. అవి స్టౌట్ మనశ్శాస్త్రం, వెల్టన్ తర్కశాస్త్రం, మెకంజీ నీతిశాస్త్రం. కొత్త పుస్తకాలు కొనే శక్తి లేని కుటుంబంలో ఆ మూడు గ్రంథాలే ఆయన జీవితమార్గాన్ని నిర్ణయించినవి. పాతపుస్తకాల దయచేత పైకివచ్చిన విద్యార్థులు మన దేశంలో ఎందరో కలరు. వారిలో ఒకరు రాష్ట్రపతి అయినారు.

ఆయన 1937లో తన సత్యాన్వేషణను గూర్చి ఒక వ్యాసం వ్రాసినారు. వివేకానందుని ధైర్యవచనాలవలన తనలో మేల్కొన్న హిందూత్వాభిమానం, మిషన్ విద్యాలయాలలో ఆ మతాన్ని గూర్చి విన్న మాటలవలన గాయపడినదని అందులో చెప్పుకొన్నారు. హిందూమతంలో భక్తి ఉండవచ్చును గాని నీతికి పునాది లేదు. జగత్తు మిథ్య అన్నవానికి పుణ్యపాపాల భేదం ఎక్కడిది. కర్మను నమ్మినవానికి ప్రయత్నం ఎందుకు? ఆనాటి క్రైస్తవ విమర్శకుల ప్రధానమైన ఆక్షేపణలు ఇవి.

ఇట్టి మాటలు విన్న యువకునికి సాధారణంగా రెండు దారులు కనిపించును. చెవులు మూసికొని, పరీక్షకు కావలసినంత వల్లించి, మనస్సులో ద్వేషం దాచుకొనుట ఒకటి. ఉన్నదంతా విడిచి, చెప్పినవారి పక్షం చేరుట రెండవది. రాధాకృష్ణన్‌గారు మూడవ దారి త్రొక్కినారు. ఆక్షేపణ నిజమా కాదా అని తెలిసికొనుటకు తన యింటి గ్రంథాలను తాను తెరచినారు. హిందూమతంలో జీవించియున్నదేది, నిర్జీవమైనదేది అని విచారించుటకు తన్ను పురికొల్పినది ఆ క్రైస్తవ విమర్శకుల సవాలేనని ఆయన దాచక చెప్పినారు. గాయం చేసినవారికి ఋణపడియున్నానని చెప్పుటకు కొంత పెద్దమనస్సు కావలె.

ఆ విచారణ ఫలితం ఆయన ఎం.ఏ. పట్టానికి సమర్పించిన సిద్ధాంతవ్యాసం. అందులోని విషయం వేదాంతంలోని నీతి, దానికి ఆధారమైన తత్త్వభావనలు. వేదాంతంలో నీతికి తావు లేదన్న ఆక్షేపణకు అది సమాధానం. వ్రాసినవాని వయస్సు ఇరువది. చదివి మార్కులు వేయవలసినవారు ఆ ఆక్షేపణ చేసిన పక్షానికి చెందిన క్రైస్తవ ఆచార్యులు. దరిద్ర కుటుంబంలోని విద్యార్థికి పట్టం అనగా ఉద్యోగం, ఉద్యోగం అనగా ఇంటిల్లిపాదికి అన్నం. ఆ యువకుడు పణంగా ఒడ్డినది ఏమో ఇందువలన గ్రహింపవచ్చును. తన వ్యాసం ఆచార్య హాగ్‌గారికి కోపం తెప్పించునేమోనని ఆయన భయపడినారు.

భయపడినట్లు జరుగలేదు. తత్త్వసమస్యను గ్రహించుటలోను, చిక్కైన వాదాన్ని నడిపించుటలోను, ఇంగ్లీషు రచనలోను ఆ విద్యార్థి చూపిన శక్తిని మెచ్చుకొని హాగ్‌గారు యోగ్యతాపత్రం ఇచ్చినారు. వ్యాసం 1908లోనే అచ్చయినది.

గురువు కూడ ఒకనాటి విద్యార్థియే

ఆల్ఫ్రెడ్ జార్జి హాగ్‌గారు 1875లో ఈజిప్టు దేశంలో ఒక మిషనరీ ఇంట జన్మించిన స్కాట్‌లండు దేశీయుడు. ఎడిన్‌బరోలో తత్త్వశాస్త్రం చదివి, పాదిరి కావలెనని క్రైస్తవ మతశాస్త్రం చదువ మొదలిడినారు. ఆ చదువు నడుమనే ఆయన విశ్వాసం చలించినది. నమ్మకం కుదరని మాటను వేదికపై నిలిచి చెప్పుటకు ఆయన అంతరాత్మ ఒప్పుకొనలేదు. ఆ చదువు విడిచిపెట్టినారు. సంశయాలతో పెనుగులాడి, క్రమంగా తిరిగి నిలదొక్కుకొని, 1903లో మద్రాసు క్రైస్తవ కళాశాలకు పాదిరిగా కాక కేవలం అధ్యాపకుడుగా వచ్చినారు. పాదిరి దీక్ష తీసికొన్నది ఎన్నో ఏండ్ల తరువాతనే.

అనగా మద్రాసు తరగతిగదిలో ఎదురెదురుగా కూర్చున్న గురుశిష్యులు ఇరువురూ క్రైస్తవ మతశాస్త్రపు చదువువలన కలవరపడినవారే. ఒకరిని స్వమత శాస్త్రం కలవరపెట్టినది. ఇంకొకరిని పరమత విమర్శ కలవరపెట్టినది. తాను ఆ వేదన అనుభవించినవాడు గనుకనే హాగ్‌గారు శిష్యుని వేదనను గుర్తింపగలిగినారని ఊహించుట తప్పు కాదు.

హాగ్‌గారి బోధనాపద్ధతిలో ఒక విశేషం కలదు. "కర్మము, విమోచనము" అను విషయంపై ఆయన వ్రాసిన వ్యాసాలు మొదట కళాశాల పత్రికలోను, తరువాత 1909లో గ్రంథరూపంలోను వచ్చినవి. కర్మసిద్ధాంతాన్ని ఆయన మూఢనమ్మకమని త్రోసివేయలేదు. అది న్యాయబుద్ధితో కూడిన గంభీరమైన ఆలోచన అని అంగీకరించి, అటుతరువాతనే క్రైస్తవ విమోచనభావం దానితో ఎక్కడ విభేదించునో చూపినారు. రెండు మతాలూ ఒక్కటేనని పైపైన కలిపివేయుట ఆయనకు ఇష్టం లేదు. ఎదుటివాని ఆలోచనను దాని ఉత్తమరూపంలో చూచి, ఆ తరువాత భేదం చెప్పవలెనన్నది ఆయన మార్గం. శంకరులు మొదలైన మన భాష్యకారులు పూర్వపక్షాన్ని బలంగా నిలిపి సమాధానం చెప్పిన పద్ధతికి ఇది దగ్గరగా ఉన్నది.

1938 డిసెంబరులో మద్రాసు సమీపాన తాంబరంలో, క్రైస్తవ కళాశాల కొత్త ఆవరణలో, అంతర్జాతీయ మిషనరీ మహాసభ జరిగినది. క్రైస్తవేతర మతాలకును, క్రీస్తులో దేవుడు చేసిన ప్రత్యక్షతకును నడుమ సంధి లేదని డచ్చి పండితుడు హెండ్రిక్ క్రేమర్ వాదించినారు. హాగ్‌గారు దానిని ఎదిరించినారు. ఇతర మతాలలోను నిజమైన విశ్వాసం, దేవునితో నిజమైన సంబంధం కలవని ఆయన నిలిచి చెప్పినారు. ముప్పది అయిదేండ్లు మద్రాసులో హిందూ విద్యార్థులకు పాఠం చెప్పిన అనుభవం ఆ మాట వెనుక ఉన్నది. శిష్యులకు తాను నేర్పినదే కాదు, శిష్యులవలన తాను నేర్చినది కూడ ఆనాడు సభలో వినిపించినది.

గురుశిష్యులు చివరకు ఏకాభిప్రాయానికి వచ్చినారని చెప్పరాదు. హాగ్‌గారు కడవరకు క్రైస్తవులే, రాధాకృష్ణన్‌గారు కడవరకు వేదాంతులే. మతాలన్నింటిని వేదాంత దృష్టితో సమన్వయించుటలో రాధాకృష్ణన్‌గారు ఆయా మతాల ప్రత్యేకతను తగ్గించివేసినారని ఆక్షేపించిన క్రైస్తవ పండితులు ఉన్నారు. ఆ ఆక్షేపణను కూడ చదువవలసినదే. వారి సంబంధంలోని గొప్పతనం ఏకీభావంలో లేదు. ఏకీభావం లేకున్నను న్యాయం తప్పకుండుటలో ఉన్నది.

ముప్పది సంవత్సరాల ప్రశ్న

విద్యార్థిదశలో గుచ్చుకొన్న ప్రశ్న ఎంతకాలం నిలుచునో చూడండి. రాధాకృష్ణన్‌గారు 1926లో ఆక్స్‌ఫర్డులో హిందువుల జీవితదృష్టిని గూర్చి ఉపన్యసించినారు. 1931 నుండి 1936 వరకు ఆంధ్ర విశ్వకళాపరిషత్తుకు ఉపాధ్యక్షులై, 1936లో ఆక్స్‌ఫర్డులో ప్రాచ్యమతాల ఆచార్యపీఠం అధిష్ఠించినారు. భారతీయ చింతన జీవితాన్ని నిరాకరించునదని, నీతికి అందులో బలం తక్కువ అని ఆల్బర్ట్ ష్వైట్జర్ వ్రాయగా, 1939లో ప్రకటించిన గ్రంథంలో రాధాకృష్ణన్‌గారు దానికి విపులంగా ప్రత్యుత్తరం చెప్పినారు. ఇరువదియేండ్ల వయస్సులో వ్రాసిన వ్యాసానికి ఏబదియేండ్ల వయస్సులో వ్రాసిన అనుబంధం అది. 1975లో ఆయనకు టెంపుల్టన్ బహుమతి లభించినది. క్రైస్తవేతరులలో దానిని మొదట పొందినది ఆయనే. ఆ సంవత్సరం ఏప్రిల్‌లోనే ఆయన దివంగతులైనారు.

ఉపాధ్యాయులు ప్రత్యేకంగా గుర్తుంచుకొనవలసిన సంగతి మరియొకటి కలదు. స్వతంత్ర భారతంలో 1948లో ఏర్పడిన విశ్వవిద్యాలయ విద్యాసంఘానికి ఆయనే అధ్యక్షులు. కళాశాలలలో దినారంభంలో కొన్ని నిమిషాల మౌనధ్యానం ఉండవలెననియు, మొదటి సంవత్సరం బుద్ధుడు, సోక్రటీసు, యేసు, శంకరుడు, మహమ్మదు, కబీరు, నానకు, గాంధీ మొదలైన మహనీయుల చరిత్రలు, రెండవ సంవత్సరం ప్రపంచ మతగ్రంథాలలోని భాగాలు, మూడవ సంవత్సరం మతతత్త్వశాస్త్రంలోని ప్రధానసమస్యలు బోధింపవలెననియు ఆ సంఘం సూచించినది. విధిగా ఒక్క మతాన్ని విన్న విద్యార్థి, తాను అధికారంలోనికి వచ్చినప్పుడు ఆ ఒక్క మతాన్ని తొలగించుమనలేదు, తన మతాన్ని దాని స్థానంలో పెట్టుమనలేదు. అన్నింటిని అందరికీ తెరచి ఉంచుమన్నారు. బైబిలు తరగతిలో పడిన గాయం ఆయనయందు ఇట్లు మానినది.

తెలుగు మతశాస్త్ర విద్యార్థి

తెలుగునాట క్రైస్తవ మతశాస్త్రం చదివే విద్యార్థి ఎదుట నేడు వేరొక రకమైన పరీక్షలు ఉన్నవి. వేర్వేరు సంఘాలకు వేర్వేరుగా ఉన్న మతశాస్త్ర విద్యాలయాలు కలిసి 1964లో రాజమహేంద్రవరంలో ఆంధ్ర క్రైస్తవ మతశాస్త్ర కళాశాలగా ఏర్పడినవి. 1973లో అది హైదరాబాదుకు తరలివచ్చి హుస్సేన్ సాగర్ కట్ట దిగువన వెలసినది. కేరీ, మార్ష్‌మన్, వార్డు 1818లో స్థాపించిన శ్రీరాంపురం కళాశాలకు సంబంధించిన సెనేటు ఇక్కడి పట్టాలను ఇచ్చును. బాప్టిస్టు, లూథరన్, మెథడిస్టు, దక్షిణ ఇండియా సంఘాల విద్యార్థులు ఒకే బల్లవద్ద కూర్చున్నప్పుడు, తన సంఘాచారమే క్రైస్తవమంతయు కాదని గ్రహించుట వారికి మొదటి పాఠం.

రెండవది భాష. షుల్జ్ అనే జర్మను మిషనరీ 1727లోనే కొత్తనిబంధనను తెలుగు చేసినాడు గాని అది అచ్చు కాలేదు. బైబిలు సంపూర్ణంగా తెలుగులో వెలువడినది 1854లో. అనువాదకులకు దొరికిన మాటలన్నీ అంతకుముందే మన కావ్యపురాణాలలో పండినవి. కృప, రక్షణ, పాపం, ఆత్మ, బలి, నీతి మొదలైనవి అట్టివి. నీతి అనగానే తెలుగు బాలునికి సుమతి శతకం, పంచతంత్రం స్ఫురించును. గ్రీకు భాషలో పౌలు వాడిన మాటకు అదే తెలుగు మాటను పెట్టినప్పుడు, దానిలో దేవుని యెదుట నిర్దోషిగా నిలుచుట అనే అర్థం చేరినది. గ్రీకు మూలం నేర్చిన విద్యార్థికి తన మాతృభాషలోని పరిచితమైన మాటే అపరిచితంగా తోచును. ఇంగ్లీషులో పాఠం విని, ఇంగ్లీషులో పరీక్ష వ్రాసి, పల్లెలో తెలుగున ప్రసంగింపవలసిన యువకుడు ఆ మాట లోతును తెలుగులోనే మరల వెదకుకొనవలె. తన భాషలో చెప్పలేని విషయం తనకు పూర్తిగా తెలిసినట్లు కాదు.

మూడవది అన్నింటికంటె కఠినమైనది. తెలుగు క్రైస్తవులలో అధికసంఖ్యాకుల పూర్వులు ఊరివెలుపల ఉంచబడినవారు. 1876 నుండి రెండేండ్లు సాగిన మహాక్షామం తరువాత, 1878 జూలై 3వ తేదీన ఒంగోలు ప్రాంతంలో ఒక్కదినాన 2,222 మంది బాప్తిస్మం పొందినారు. వారి మునిమనుమలు నేడు ఈ తరగతులలో కూర్చుండి యూరపు పండితుల సిద్ధాంతాలు చదువుచున్నారు. ఈ శాస్త్రంలో మా తాత ఆకలి ఎక్కడ ఉన్నది, మా అవ్వ మోసిన అవమానం ఏ అధ్యాయంలో ఉన్నది అని వారు అడుగుట న్యాయమే. 1981లో బెంగుళూరులో అరవింద్ నిర్మల్‌గారు ఒక ఉపన్యాసంలో ఈ ప్రశ్నకు శాస్త్రరూపం ఇవ్వ మొదలిడగా, దళిత క్రైస్తవ మతశాస్త్రమనే శాఖ ఏర్పడినది. తెలుగు కవిత్వం ఈ ప్రశ్నను అంతకు చాలకాలం ముందే అడిగినది. ఉపాధ్యాయుడుగా బ్రదికిన గుఱ్ఱం జాషువాగారు "గబ్బిలం" కావ్యంలో దళితుని మొరను కాశీవిశ్వనాథునికి పంపినారు. "క్రీస్తు చరిత్ర"ను కూడ వారే వ్రాసినారు, దానికి 1964లో సాహిత్య అకాడమీ బహుమతి వచ్చినది. శివునికి మొర పెట్టిన కలమే క్రీస్తును కీర్తించినది. ఆ కలానికి రెండింట కావలసినది మానవునికి గౌరవమే.

నాల్గవది ఇరుగుపొరుగు మతం. ఇక్కడనే శివరాంపల్లిలోని హెన్రీ మార్టిన్ సంస్థ ప్రసక్తి మరల వచ్చును. హెన్రీ మార్టిన్ కేంబ్రిడ్జిలో గణితంలో ప్రథముడుగా నెగ్గి, 1806లో భారతదేశం వచ్చి, కొత్తనిబంధనను ఉర్దూ, పారసీక భాషలలోనికి అనువదించి, 1812లో ముప్పది యొక్క యేట మరణించిన యువకుడు. ఆయన పేరిట 1930లో లాహోరులో ఈ సంస్థ ఆరంభమైనది. అలీగఢ్, జబల్పూరులలో కొంతకాలం ఉండి 1971లో హైదరాబాదు చేరినది. ముసల్మానుల నడుమ పనిచేయు మిషనరీలకు శిక్షణ ఇచ్చుట దాని మొదటి ఉద్దేశం. రానురాను ఆ ఉద్దేశం మారినది. మతాల నడుమ అవగాహన, మతకలహాల పిమ్మట సామరస్యం దానికి ముఖ్యమైన పనులైనవి. ఎదుటివారిని మార్చుటకు చదువ నారంభించినవారు చదువుచు చదువుచు తామే కొంత మారినారు. మద్రాసులో హిందూ విద్యార్థి క్రైస్తవ విమర్శను ఓర్పుతో విన్నట్లు, ఇక్కడ క్రైస్తవ విద్యార్థి తనకు అంగీకారం కాని మాటను ఓర్పుతో వినవలె. యేసును ఖురాను గౌరవించును గాని దైవకుమారుడని అంగీకరింపదు. ఆ మాటను వక్రీకరింపక వ్రాసి, తన విశ్వాసాన్ని దాచక నిలుపుకొన్న విద్యార్థియే నిజంగా ఉత్తీర్ణుడు.

ఇట్టి చదువుకు కొన్ని నియమాలు కావలె. పరమతాన్ని దాని లోపాలను బట్టిగాక, దాని ఉత్తమగ్రంథాలను బట్టి, ఉత్తమపురుషులను బట్టి తెలిసికొనవలె. తన మతాన్ని కూడ అదే త్రాసులో తూచవలె. విమర్శ విన్ననాడు కోపం రావచ్చును. ఆ కోపాన్ని గ్రంథాలయానికి తీసికొనిపోవలె. సంశయం కలిగినప్పుడు దానిని పాపమని భయపడరాదు, గొప్పతనమని గర్వించరాదు. ఇవి విద్యార్థికి.

ఉపాధ్యాయునికి నియమం ఒక్కటే. తన నిర్ణయాన్ని ఖండించిన శిష్యుని వ్యాసం చేతికి వచ్చినప్పుడు, నిర్ణయాన్ని గాక వాదబలాన్ని చూచి మార్కు వేయగల మనస్సు ఆయనకు ఉండవలె. 1908లో మద్రాసులో ఒక గురువు అట్లు చేయకపోయినచో, ఒక పేద తెలుగు విద్యార్థి భయం నిజమై, ఆ కలం అక్కడనే ఆగిపోయి యుండునేమో. ఏ పాఠశాలలోనైనను, ఏ పాఠంలోనైనను, భిన్నాభిప్రాయంతో చేయి ఎత్తిన పిల్లవానిని చూచి ఉపాధ్యాయుడు ఒక్క క్షణం ఆగవలె. వానిలో అప్పుడు ప్రవేశించినది అవిధేయత కాకపోవచ్చును, శ్రద్ధ కావచ్చును.